కరివేపాకు పిడికెడు తిన్నప్పుడు

తిరగవాతలో నాలుగు రెబ్బలు వేసి ఒంటికి మంచిదని తృప్తి పడతాం. అంగట్లో తెచ్చిన కట్టను పైపైన తడిపి నూనెలో వేస్తాం. ఈ రెండు అలవాట్లనూ ఒకసారి దులిపి చూడాలి.

అనంతపురం జిల్లా యాడికిలో ఏప్రిల్ వచ్చిందంటే పచ్చదనం కోసం కళ్లు వెతుక్కోవాలి. చుట్టూ సున్నపురాతి నేల. ఆ రాతిని నీళ్లు యుగాల తరబడి తొలిచి కోన ఉప్పలపాడు దగ్గర గుహలు చేశాయి. ఇప్పుడు మనుషులు తొలిచి నాపబండలు, సిమెంటు చేస్తున్నారు. వాన పడితే చెనిక్కాయ, పడకపోతే బీడు. జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లు, అదీ అదునుకు రావాలని లేదు. బోర్లో నీళ్లున్నవాళ్లు చీని తోట పెట్టుకుంటారు. లేనివాళ్లు మొగులు చూస్తారు.

అలాంటి చోట కూడా ఇళ్ల వెనక్కి వెళ్తే ఒక చెట్టు నిగనిగలాడుతూ కనిపిస్తుంది. జాలాడి నుంచి నీళ్లు పారే చోట, గోడవారగా కరివేపాకు. దానికోసం బిందె ఎత్తినవాళ్లుండరు. స్నానాలు చేసినవీ, బియ్యం కడిగినవీ, పాత్రలు తోమినవీ ఆ నీళ్లతోనే బతుకుతుంది. ఇరుగుపొరుగు వచ్చి రెండు రెబ్బలు తుంచుకుపోతే అడిగేవాళ్లూ ఉండరు. అప్పు కింద లెక్క రాయని సరుకు పల్లెలో ఏదైనా ఉందంటే అది ఇదే.

కూరలో కరివేపాకు అంటూ మనిషిని తీసిపారేసే మాట సీమలో పుట్టి ఉండదని నాకు ఎప్పట్నుంచో అనుమానం. ఇక్కడి వంటలో ఏరి పక్కన పెట్టే వీలు తక్కువ. ఉగ్గానిలో బొరుగులతో పాటు నోట్లోకి పోతుంది. చిత్రాన్నంలో కరకరలాడుతుంది. ఇక పొడి కొట్టారంటే ఆకుకు ఆకుగా ఆనవాలే మిగలదు. కరివేపాకు మేలు గురించి మాట్లాడాలంటే మొదట తేల్చాల్సింది కూడా ఇదే: వాసన కోసం వేసిన ఆకు సంగతి వేరు, తిన్న ఆకు సంగతి వేరు.

కాకినాడలో కన్నుమూసినవాడి పేరు

ఈ చెట్టు శాస్త్రీయ నామం వెనక ఒక తెలుగునేల కథ ఉంది. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1771లో దీనికి బెర్గెరా కోనిగీ అని పేరు పెట్టాడు. ఆ కోనిగీ అన్నది ఆయన శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ పేరు మీద వచ్చింది. కోనిగ్ 1768లో తరంగంబాడికి డేనిష్ మిషన్ వైద్యుడిగా వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు దగ్గర, 1778 నుంచి ఈస్టిండియా కంపెనీ కొలువులో చెట్లూ చేమలూ వెతుక్కుంటూ తిరిగాడు. 1785 జూన్‌లో కాకినాడ పక్కన జగన్నాథపురంలో రక్తవిరేచనాలతో చనిపోయాడు. చివరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్నవాడు, అప్పట్లో సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్.

పల్లెల్లో రక్తవిరేచనాలకు లేత కరివేపాకు నమలమని చెప్పడం పాత అలవాటు. తన పేరు మోసిన చెట్టు ఆకే ఆ మనిషి జబ్బుకు ఊరి మందు. నమిలాడో లేదో గాని, నమిలి ఉంటే బతికేవాడని మాత్రం నేను చెప్పను. ఈ రోజు ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే ముందు కలపాల్సింది ఓఆర్ఎస్ ప్యాకెట్టు. మలంలో రక్తం కనబడితే ఆస్పత్రికి పోవాలి. ఆకు నమలడం వీటికి అడ్డు కాకపోతే నమలండి, వీటి బదులు మాత్రం వద్దు.

తర్వాత దీన్ని ముర్రయా అనే ప్రజాతిలోకి మార్చారు, చాలా పుస్తకాల్లో ఇప్పటికీ ముర్రయా కోనిగీ అనే ఉంటుంది. ఈమధ్య మళ్లీ పాత పేరుకే మొగ్గుతున్నారు. ఏ పేరైనా ఇంటిపేరు ఒకటే: రూటేసీ, అంటే నిమ్మ, చీని, నారింజల కుటుంబం. ఆకును వెలుతురుకు పట్టి చూస్తే సన్నటి నూనె చుక్కలు కనిపిస్తాయి, నిమ్మాకులో ఉన్నట్టే. యాడికి రైతుకు ఈ చుట్టరికంతో పెద్ద పనే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

వంద గ్రాముల లెక్క

కరివేపాకు గొప్పతనం చెప్పే ప్రతి కథనంలోనూ కొన్ని అంకెలు తిరుగుతుంటాయి. అవి కట్టుకథలేం కావు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఏళ్ల తరబడి అచ్చువేసిన ఆహార పట్టికల్లోవి. ఆ పాత పట్టిక ప్రకారం వంద గ్రాముల పచ్చి కరివేపాకులో 830 మిల్లీగ్రాముల కాల్షియం, 7,560 మైక్రోగ్రాముల కెరోటిన్, 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అదే సంస్థ 2017లో దేశమంతటా నమూనాలు తీసి కొత్త పట్టిక తెచ్చినప్పుడు కాల్షియం 660 దగ్గరికి దిగింది. దిగినా తక్కువేమీ కాదు. వంద గ్రాముల పాలలో ఉండే కాల్షియం 120 మిల్లీగ్రాములే.

ఇక్కడే తూకం తీసుకోవాలి. పప్పులో వేసే రెబ్బ బరువు రెండు గ్రాములుంటే గొప్ప. నలుగురు తినే గిన్నెలో రెండు రెబ్బలు వేస్తే మనిషి వంతుకు గ్రాము, అందులోనూ సగం కంచం అంచున మిగులుతుంది. గ్రాము కరివేపాకు ఇచ్చే కాల్షియం ఏడెనిమిది మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది వెయ్యి. పైగా ఆకుల్లో ఉండే ఆక్సలేట్లు ఆ కాస్త కాల్షియాన్నీ పట్టి ఉంచి పూర్తిగా ఒంటబట్టనివ్వవు. తిరగవాత ఆకు వల్ల ఎముకలు గట్టిపడతాయని చెప్పేవాళ్లు వంద గ్రాముల అంకె చెప్పి గ్రాము ఆకు అమ్ముతున్నారు.

అయితే ఈ లెక్క మారే చోటు ఒకటుంది, రోలు. చారెడు చారెడుగా ఆకు తీసుకుని, నీడన ఆరబెట్టి, సన్నటి సెగ మీద గలగలమనేదాకా వేయించి, ఎండుమిరపకాయలు, ధనియాలు, శెనగబేడలు, ఉద్దిబేడలు, చింతపండు, తెల్లగడ్డలతో దంచితే వచ్చేది వాసన సరుకు కాదు, తిండి. రాగిసంగటిలోకో వేడన్నంలోకో రెండు చెంచాల పొడి, మీద నూనో నెయ్యో వేసుకున్నప్పుడు తినేది నిజంగా ఆకుకూరే. పచ్చి ఆకులో మూడింట రెండు వంతులు నీళ్లు కాబట్టి ఎండిన పొడి చెంచాలో దాని బరువుకు మూడింతల పచ్చి ఆకు దాగి ఉంటుంది. లేత ఆకుతో చేసే పచ్చడీ అంతే.

నూనె మాట ఊరికే అనలేదు. కెరోటిన్ కొవ్వులో కరిగేది, కొవ్వు తోడుంటేనే పేగు దాన్ని పీల్చుకుంటుంది. ఒంట్లోకి పోయాక విటమిన్ ఎ అవుతుంది. పిల్లల్లో రేచీకటి, కంటి పొర ఎండిపోవడం ఈ విటమిన్ లేకనే. చూపు పోకుండా ఆపడానికి 1970లో మొదలైన విటమిన్ ఎ చుక్కల కార్యక్రమం వెనక పోషకాహార సంస్థ పరిశోధనే ఉంది. కరివేపాకును మండుటెండలో బండ మీద ఆరబెడితే మాత్రం ఆ కెరోటిన్ చాలావరకు ఎండకే పోతుంది. రంగు వెలిసి గోధుమరంగుకు తిరిగిన ఆకు పొడికి పనికొస్తుందేమో గాని కంటికి పనికిరాదు. యాడికిలో ఎండకు కొదవలేదు, నీడనే వెతుక్కోవాలి.

రక్తహీనతకు కరివేపాకు మందు అన్న మాట కూడా బాగా చెలామణిలో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. ఇంత పెద్ద కష్టానికి ఇంటి వెనక చెట్టు జవాబైతే ఎంత బాగుండు. ఆకుల్లోని ఇనుము మాంసంలోని ఇనుములా తేలిగ్గా ఒంటబట్టదు. చిత్రాన్నం మీద నిమ్మకాయ పిండితే ఆ పులుపులోని విటమిన్ సి కొంత సాయం చేస్తుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ సాయమూ పోతుంది. గర్భిణులకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానేసి పొడి తింటాం అనేవాళ్లను ఇంట్లో పెద్దవాళ్లే ఆపాలి. మాత్ర వేసుకుని పొడీ తింటే ఎవరికీ అభ్యంతరం లేదు.

పన్నెండు గ్రాములు, పదిహేను రోజులు

పొద్దున్నే పరగడుపున పది ఆకులు నమిలితే షుగర్ దిగుతుందని ఫోన్లలో తిరిగే సందేశం మీకూ వచ్చే ఉంటుంది. పది ఆకులంటే బరువు గ్రామో, రెండో. మనుషుల మీద జరిగిన పరీక్షల్లో తరచూ ఉదాహరించేది 1990లో వచ్చిన అధ్యయనం. ఉమా అయ్యర్, మణి అనే పరిశోధకులు షుగర్ ఉన్న 30 మందికి నెల రోజులు కరివేపాకు పొడి ఇచ్చారు. రోజుకు 12 గ్రాములు. పచ్చి ఆకు లెక్కన అది ముప్పై గ్రాముల పైమాటే, అంటే రోజుకో పెద్ద కట్ట. పదిహేను రోజులకు పరగడుపు చక్కెర, భోజనం తర్వాత చక్కెర రెండూ కొంత తగ్గాయి. ఆ తగ్గుదల నెల నిండేదాకా నిలవలేదు. కొలెస్టరాల్‌లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

ముప్పై మంది, ఒక్క నెల. దాన్ని పట్టుకుని మందు అనడం సాహసం. అబద్ధమని కొట్టేయడమూ తొందరే. పొడిలో పీచు ఉంది, పీచు అన్నంలోని చక్కెరను రక్తంలోకి మెల్లగా వదిలిస్తుంది. ఆ పని మెంతులూ చేస్తాయి, రాగులూ కొర్రలూ చేస్తాయి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు కరివేపాకు పొడిని అన్నంలో హాయిగా కలుపుకోవచ్చు. గుప్పెళ్ల కొద్దీ మందులా మింగడం మొదలెడితే మాత్రం డాక్టరుకు చెప్పి, చక్కెర కొలుచుకుంటూ ఉండాలి. మాత్ర, ఆకు కలిసి చక్కెరను మరీ దించితే కళ్లు తిరిగి పడిపోయేది మనిషే.

ప్రయోగశాలల్లో మాత్రం ఈ ఆకుకు గిరాకీ ఎక్కువ. 1965లో కలకత్తాలో డి.పి. చక్రవర్తి బృందం ఈ చెట్టు నుంచి ముర్రయనీన్ అనే పదార్థాన్ని వేరుచేసింది. మొక్కల్లో దొరికిన మొట్టమొదటి కార్బజోల్ ఆల్కలాయిడ్ అదే. ఆ తర్వాత మహానింబీన్, గిరినింబీన్, మహానీన్ అంటూ వరసగా బయటపడ్డాయి. ఎలుకల మీద, గాజుపళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద వాటిని పరీక్షిస్తూనే ఉన్నారు. గాజుపళ్లెంలో కణాన్ని చంపే పదార్థాలు లోకంలో బోలెడు, సబ్బునీళ్లు కూడా చంపుతాయి. క్యాన్సర్‌కు కరివేపాకు అని శీర్షిక పెట్టేవాళ్లు ఆ పళ్లేన్ని దాచి శీర్షికే చూపిస్తారు.

జుట్టు సంగతి రెండు ముక్కల్లో. కరివేపాకు కాచిన కొబ్బరినూనె మాడుకు మెత్తదనం ఇస్తుంది, వాసన బాగుంటుంది, మర్దనా సుఖం. తెల్లజుట్టు నల్లబడుతుందనడానికి మాత్రం నమ్మదగ్గ రుజువు లేదు. దురద పుడితే కడిగేసుకోండి.

చీనికి చుట్టం, చీనికి చిక్కు

ఇప్పుడు తోటలోకి. తాడిపత్రి చుట్టుపక్కల మండలాల్లో కరివేపాకును పెరటి చెట్టుగా కాక తోటగా వేసే రైతులున్నారు. కోస్తాలో మంగళగిరి వైపు కూడా ఈ సాగు పాతదే. బోరుకింద డ్రిప్పు పెట్టుకుంటే చీనికన్నా తక్కువ నీళ్లతో సరిపోతుంది. నాటిన ఏడాదికి మొదటి కోత, ఆ తర్వాత రెండున్నర, మూడు నెలలకోసారి నేలకు కాస్త ఎత్తులో కోసేయడం. కోసిన మోడు మళ్లీ చిగురిస్తుంది. ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం డి.డబ్ల్యూ.డి.-1, డి.డబ్ల్యూ.డి.-2 అని రెండు రకాలు ఇచ్చింది. తమిళనాడులో ఎర్రకాడ ఉండే సెంగాంబు రకానికి పేరు.

చిక్కంతా ఆ చిగురుతోనే. నిమ్మజాతి చిగుళ్లను పీల్చే సిల్లా పురుగుకు కరివేపాకు చిగురంటే ప్రాణం. మిరియపు గింజకన్నా చిన్న పురుగు, తల కిందికి, తోక పైకి పెట్టి వాలుతుంది. చీని, నిమ్మ తోటల్లో గ్రీనింగ్ తెగులును ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు మోసేది ఇదే. కరివేపాకుకు ఆ తెగులు పెద్దగా అంటదు, కానీ పురుగుకు అది పుట్టిల్లు. యాడికి లాంటి చోట చీని తోట గట్టున కరివేపాకు వరస వేయడం అంటే దొంగకు ఇంటి పక్కనే గది అద్దెకివ్వడం. వేసినవాళ్లు చిగురు వేళ రెండిటినీ కలిపి చూసుకోవాలి.

చిగురు ముడుచుకుంటే కట్ట అమ్ముడుపోదు. నల్లటి చుక్కలున్నా, రంధ్రం కనబడినా వ్యాపారి తీసుకోడు. అందుకని రైతు మందు కొడతాడు. ఆకు తప్ప మరేమీ అమ్మని పంట ఇది. మామిడి మీద కొట్టిన మందులో కొంత తొక్కతో పోతుంది, వేరుశనగ గింజ పొట్టు లోపల ఉంటుంది. కరివేపాకు మీద కొట్టింది కొట్టినట్టే వంటింటికి వస్తుంది. కోతకూ కోతకూ మధ్య వ్యవధి తక్కువ కాబట్టి మందుకూ కోతకూ మధ్య ఆగాల్సిన రోజుల దగ్గరే తొందర పడతారు. ధర ఉన్న వారం లారీ వచ్చి నిలబడితే మొన్న కొట్టిన మందు ఎవరికి గుర్తొస్తుంది? తప్పంతా రైతు నెత్తినే వేయలేను. మచ్చ లేని ఆకే కావాలని బేరం ఆడే మన చేతులూ అందులో ఉన్నాయి.

ఈ సంగతి మనకన్నా ముందు పరాయి రేవుల్లో పట్టుకున్నారు. ఐరోపా సమాఖ్య 2019లో తెచ్చిన 1793వ నిబంధనలో, ప్రత్యేకంగా తనిఖీ చేయాల్సిన సరుకుల జాబితాలో భారతదేశపు కరివేపాకు పేరుంది, కారణం పురుగుమందుల అవశేషాలు. అక్కడ విడిగా పరిమితి పెట్టని మందు ఏదైనా కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. మన దగ్గర కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ కొట్టకూడదని నిషేధం ఉన్నా అంగట్లో కట్టకు చీటీ ఉండదు, ఏ తోటదో, ఎప్పుడు కొట్టారో అడిగే దారీ లేదు. వేపనూనె పిచికారీ, పురుగు పట్టిన చిగుళ్లు తుంచి కాల్చడం, పసుపురంగు జిగురు అట్టలు కట్టడం వంటివి చేసే రైతుల ఆకుకు నాలుగు రూపాయలు ఎక్కువిచ్చే కొనుగోలుదారు దొరికితే ఈ కథ మారుతుంది. ఇప్పటికైతే దొరకడం కష్టంగానే ఉంది.

కడిగే పద్ధతి

మందుల అవశేషాల మీద కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం చాలా పనిచేసింది. తిరువనంతపురం దగ్గర వెళ్లాయణిలోని దాని ప్రయోగశాల బయటినుంచి వచ్చే కూరగాయలను పరీక్షించి ఫలితాలు బయటపెడుతూ వచ్చింది. కరివేపాకు, పుదీనా లాంటి ఆకులను చింతపండు పులుసు కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి తర్వాత మంచినీళ్లతో కడగమన్నది అక్కడి సలహా. మన ఇళ్లలో చింతపండుకు కరువు లేదు, పప్పులోకి పిసికిన పిప్పి కూడా పనికొస్తుంది. రెబ్బను కాడతోనే ముంచి, పదిహేను నిమిషాలుంచి, పారే నీళ్ల కింద ఆకు అడుగువైపు వేలితో రాస్తూ రెండుసార్లు కడిగితే దుమ్ము, పురుగు గుడ్లు, పైన అంటుకున్న మందు చాలావరకు పోతాయి. గనుల దుమ్ము పడే ఊళ్లలో పెరటి ఆకుకూ ఇది తప్పదు.

చెట్టు లోపలికి ఇంకే మందులు కొన్ని ఉంటాయి. అవి కడిగితే పోవు, ఉప్పునీళ్లకూ పసుపునీళ్లకూ లొంగవు. అందుకే పొడి కోసం, పచ్చడి కోసం, అంటే పిడికెళ్ల కొద్దీ తినేటప్పుడు, ఇంటి చెట్టు ఆకు వాడటం మేలు. అంగడి కట్టను తిరగవాత వరకు ఉంచుకోవచ్చు. నూనె కాగుతుండగా తడి ఆకు వేస్తే చిటపటలాడి మొహం మీదికి ఎగురుతుంది, కాబట్టి కడిగాక గుడ్డ మీద ఆరనివ్వాలి. ఫ్రిజ్‌లో పెట్టేది మాత్రం కడగకుండా, పొడిగుడ్డలో చుట్టి. వాసన కావాలంటే పచ్చి ఆకే. 2015లో జర్మనీ పరిశోధకుడు మార్టిన్ స్టైన్‌హౌస్ కరివేపాకు వాసనకు మూలం గంధకం ఉన్న ఒక చిన్న పదార్థమని తేల్చాడు. అది ఆవిరైపోయే రకం. ఎండిన ఆకు డబ్బా మూత తీసినప్పుడు వాసన లేదని విసుక్కునేవాళ్ల అనుభవమూ అదే చెబుతుంది.

పొడి గురించి ఇంకో మాట. తడి తగిలితే బూజు పడుతుంది. సీమలో పొడిలో చెనిక్కాయలు కలపడం మామూలే. ముక్కిన, బూజు పట్టిన చెనిక్కాయల్లో కాలేయానికి చేటు చేసే అఫ్లాటాక్సిన్ ఉంటుంది. బూజు వాసన వేస్తే పైభాగం తీసేసి వాడుకోవద్దు, డబ్బా మొత్తం పారబోయాల్సిందే. ఉప్పూ చూసుకోవాలి. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు చాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఘాటైన పొడి రెండు పూటలా కలుపుకుంటే బీపీ ఉన్నవాళ్లకు అక్కడే సగం కోటా అయిపోవచ్చు.

వీళ్లు కాస్త చూసుకుని

వంటలో వాడేంత కరివేపాకు గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ ఇబ్బంది కాదు, తరతరాలుగా తింటున్నదే. క్యాప్సూళ్లు, సారాలు, నూనె చుక్కలు వేరే సంగతి, వాటిలో ఏది ఎంత ఉందో తెలియదు. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లలు వాటి జోలికి పోకూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఏ ఆకుకూరనైనా ఒక్కసారిగా ఎక్కువ చేయకూడదు, కరివేపాకు పొడికీ ఇదే వర్తిస్తుంది. రోజూ ఒకే మోతాదైతే డాక్టరు మందు దానికి సరిచేస్తాడు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు గుప్పెళ్ల లెక్కన తినే ముందు అడగాలి.

పసిపిల్లల అన్నంలో మొత్తం ఆకు ఉండకూడదు, గొంతు వెనక అతుక్కుని ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. చిదిమి వేయండి, లేదా పొడి కలపండి. వానాకాలం మొదట్లో చెట్టుకు నల్లటి చిన్న పండ్లు వస్తాయి. పికిలిపిట్టలు ఇష్టంగా తింటాయి. పైన గుజ్జు తియ్యగానే ఉంటుంది, పిల్లలూ నోట్లో వేసుకుంటారు. లోపలి గింజ మాత్రం తినేది కాదు, విషపు గుణం ఉందంటారు, ఉమ్మేయమని నేర్పాలి.

ఇంట్లో చెట్టు

ఆ గింజే కొత్త చెట్టుకు దారి. పండు కోసి, గుజ్జు కడిగి, వెంటనే నాటాలి. ఎండబెట్టి దాస్తే కొన్ని వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది, కాబట్టి సంచుల్లో అమ్మే ఎండు గింజలు కొనొద్దు. అంతకన్నా సులువు, పెద్ద చెట్టు వేళ్ల నుంచి లేచే పిలకను వేరుతో సహా తవ్వి తెచ్చుకోవడం. మొదటి రెండేళ్లు ఎదుగుదల కనబడదు, తొందరపడి ఆకు దూయకూడదు. సబ్బునీళ్లు నేరుగా మొదట్లో నిలబడితే లేత మొక్కకు చేటు, కొంత దూరం పారి ఇంకేట్టు చూడాలి.

యాడికి లాంటి సున్నపు నేలల్లో ఒక జబ్బు తరచూ కనిపిస్తుంది. ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య ఆకు పసుపెక్కుతుంది. నేలలో ఇనుము లేక కాదు, సున్నం దాన్ని వేరుకు అందనివ్వదు. చీని రైతులకు ఇది పాత పరిచయమే, అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము లీటరు నీళ్లలో కలిపి ఆకు మీద చల్లుతారు. చల్లాక కొన్నాళ్లు ఆగి, కడిగి కోసుకోవాలి. ముసలమ్మలు కరివేపాకు మొదట్లో పుల్లమజ్జిగ పోయడం వెనక కూడా ఇదే కిటుకు కొంత ఉండొచ్చు. పులుపు సున్నాన్ని కాస్త విరుస్తుంది. పిట్టరెట్టలా కనిపించే గొంగళిపురుగులు ఆకు మీద కనబడితే అవి నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు. ఇంటి చెట్టుకు మందు అక్కర్లేదు, చేత్తో ఏరేస్తే చాలు.

పరదేశంలో ఉన్న పిల్లలకు ఆకు పంపాలనుకునేవాళ్లకు హెచ్చరిక. అమెరికాకు పచ్చి కరివేపాకు సామానులో తీసుకెళ్లడం నిషిద్ధం, కారణం ఆ సిల్లా పురుగే. 2009లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో భారత్ నుంచి వచ్చిన సంచిలో కరివేపాకుతో పాటు ఆ పురుగులు దొరికాయి, పరీక్షిస్తే వాటిలో గ్రీనింగ్ క్రిమి ఉంది. ఫ్లోరిడా నారింజ తోటల్లో 2005లో ఆ తెగులు బయటపడ్డాక ఎన్ని తోటలు పోయాయో తెలిసినవాళ్లు రెండు రెబ్బల కోసం పేచీ పెట్టరు. అక్కడివాళ్లు స్థానిక నర్సరీలో తనిఖీ అయిన మొక్క కొనుక్కుని కుండీలో పెంచుకోవచ్చు, రాష్ట్రం దాటించేటప్పుడు అక్కడి నియమాలు చూసుకోవాలి. చలికాలంలో కుండీని ఇంట్లోకి, ఎండ పడే కిటికీ దగ్గరికి మార్చాలి. ఆకంతా రాలి మోడైనా పారేయొద్దు. వేళ్లు బతికే ఉంటాయి. నీళ్లు బాగా తగ్గించి, మట్టి పొడిబారాకే కొద్దిగా పోయాలి. వేడి మొదలై చిగుళ్లు కనబడ్డాక మళ్లీ నీళ్లు పెంచి, కొన తుంచేయాలి. పూత వస్తే అదీ తుంచితే చెట్టు బలమంతా ఆకుకే పోతుంది.